లతీఫ్ మియా పేరు మీద వచ్చిన కాల్

పంతొమ్మిది వందల నలభై అయిదో సంవత్సరం, వానలు ఎనుకపట్టిన రోజులల్ల నన్ను సిద్దిపేట టెలిఫోన్ ఎక్స్చేంజికి ఆపరేటర్‌గ పంపిన్రు. నిజాం సర్కారు కాగితాల మీద గప్పుడు ఫస్లీ ఏండ్ల లెక్క నడుస్తుండె గనుక నా ఆర్డర్ల 1355 ఫస్లీ, ఆజుర్ నెల అని ఉండె. నేను హైద్రాబాద్ షాలిబండల పుట్టి పెరిగినోన్ని. ఇరవై ఏండ్లు నిండలే. సిద్దిపేట ఏ దిక్కున్నదో సుత తెల్వదు. పట్నంల ఒక పెద్ద బట్టల యాపారి లైన్ మీద నన్ను తిడితే నేను గూడ లైన్ మీదనే తిట్టిన, అందుకే ఈ బదిలీ. మా టెలిఫోన్ మహకమల, అంటే శాఖల, కొత్తగ చేరినోళ్లది ఏడాది దాక కచ్చా నౌకరీ. ఆ ఏడాదిల పని, నడత మంచిగున్నయని ఇన్స్పెక్టర్ రాస్తేనే పక్కా అయితది. నా మీద అప్పటికే ఒక ఫిర్యాదు ఎక్కింది. ఇంకొకటి ఎక్కితే ఇంటికి పోవుడే అని తేటగ చెప్పి బస్సెక్కిచ్చిన్రు.

ఎక్స్చేంజి అంటే పెద్ద భవంతి అనుకోకున్రి. అంగడి పక్కపొంటి ఒక పెంకుటిల్లు. ముందటి అర్రల బోర్డు, దాని పక్కకు అద్దం తలుపున్న చెక్క గూడు, బయట అరుగు. సొంత ఫోను లేనోళ్లు ఆ గూట్ల నిలవడి మాట్లాడాలె. ఊర్ల ఫోన్లున్నయి గని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తహసీల్ కచేరి, ఠాణా, దవాఖాన, కోర్టు, ఇద్దరు ముగ్గురు పత్తి యాపారులు, అంతే. ఎవరన్న వాళ్ల ఫోను పిడి తిప్పితే బోర్డు మీద వాళ్ల నంబరు కాడి ఇత్తడి మూత టక్కున పడుతది. నేను తీగె గుచ్చి ఎవరు కావాలెనో అడిగి, ఇంకో తీగె అవతలి నంబరుల గుచ్చుతా. మాట అయిపోయినంక మళ్ల పిడి తిప్పుతరు, ఇంకో మూత పడుతది, తీగెలు గుంజేస్తా. హైద్రాబాద్‌కు మాత్రం ఒక్కటే లైను. దాన్ని ట్రంకు అంటరు. దాని మీద ఒకరు మాట్లాడుతుంటే తక్కినోళ్లందరు ఆగాలె. దీపాలు పెట్టే యాళ్లకు ట్రంకు బందు.

పగటిపూట ఆపరేటర్‌ను నేనొక్కన్నే. తిన్నా, నీళ్లు తాగినా, ఒక చెయ్యి ఫోను మీదనే. ఫోను కిందపెట్టి ముచ్చట చెప్పుడు నాకు రాకపాయె. ఊరోళ్లు నాకు ఫోను పిలగాడు అని పేరు పెట్టిన్రు. మొదట్ల కోపమొచ్చేది, తర్వాత అలవాటైంది.

ఇక్కడ మా పనిల రెండు సంగతులు చెప్పాలె. ట్రంకు కాల్ రెండు తీర్లు. ఒకటి నంబరు కాల్. ఆ నంబరు కాడ ఎవరెత్తినా మాట్లాడొచ్చు. రెండోది పీపీ కాల్, అంటే ఫలానా మనిషికే ఇచ్చే కాల్. ఆ మనిషి ఉంటేనే లైను కలపాలె. ఆయన అన్న ఉన్నా, కొడుకున్నా ఇయ్యొద్దు. పిలిచినాయన ఒప్పుకొని ఇంకో పేరు చెప్తేనే ఇంకొకరికి. రెండో సంగతి అన్నిటికంటె గట్టి కాయిదా. లైన్ మీద పోయే మాట ఆపరేటర్ ఇనొద్దు. కలిసిందో లేదో చూసేటందుకు ఒక్క క్షణం చెవు పెట్టొచ్చు, అంతే. పొరపాటున చెవుల పడ్డదాన్ని బయట అనొద్దు. నౌకరీల చేరిననాడు దీని మీద ప్రమాణం చేయిస్తరు. నాకు ప్రమాణం చేయిచ్చింది హైద్రాబాద్ ట్రంకు బోర్డుల పెద్ద ఆపరేటర్ అజీజ్ సాబ్. పని నేర్పింది సుత ఆయనే.

ఇగ అసలు ముచ్చట. నేను చేరిన కొన్ని రోజులకు ఒక యింత చూసిన. ఆఫీసర్ల క్లబ్బు మా ఎక్స్చేంజికి దగ్గర్లనే ఉండె. మొరం కొట్టి, అలికి, సున్నం గీతలు గీసిన టెన్నిస్ జాగ ఒకటి, చుట్టు నడుమెత్తు గోడ. పొద్దుమీకి ఆ గోడ పొంటి రైతులు, గౌండ్లోళ్లు, కూలికి పోయొచ్చిన ఆడోళ్లు నిలవడి ఆట చూస్తుండిరి. షాలిబండల మా గల్లీ పోరలకు టెన్నిస్ అంటే ఏందో తెల్వదు. సిద్దిపేట చుట్టున్న నంగునూరు, కోహెడ దిక్కు రైతులకు ఎట్ల తెల్సిందా అని నాకు మస్తు అనిపిచ్చింది.

కారణం పశువుల డాక్టర్ రాజేశ్వర్ సాబ్. నలభై ఏండ్లకు దగ్గర పడ్డ మనిషి. పొద్దుగాల సైకిల్ మీద ఊర్లు తిరిగి గొడ్లకు మందు పోసేది, పొద్దుమీకి తెల్ల ప్యాంటు తొడిగి క్లబ్బుల ఆడేది. రైతులు ఎద్దుకో బర్రెకో బాగలేదని పిలవనీకి అక్కడికే వస్తుండిరి. నడుమల పిలిస్తే ఆయన ఆట ఇడిచిపెట్టి వచ్చేస్తడు. అది తెల్సి, పానం మీదికి రాని జబ్బైతే సెట్టు అయిపోయేదాక గోడ కాడ ఆగుడు వాళ్లు అలవాటు చేసుకున్నరు. అట్ల ఏండ్ల కొద్ది ఆగి ఆగి ఆట నేర్సిన్రు. బంతి గీత మీద పడ్డదా బయట పడ్డదా అని గోడ కాడికెళ్లి కొట్లాడేదాక వచ్చింది.

నంగునూరు పోశవ్వ అని ఒకామె ఉండె. ఈనలేక చావబోయిన ఆమె బర్రెను డాక్టర్ సాబ్ బతికిచ్చిండట. అంగడికి వచ్చినప్పుడల్ల మా అరుగు మీద కూసునేది. ఒకరోజు టెన్నిస్ల పాయింట్లు లెక్కపెట్టే తీరు గురించి నన్ను అడిగింది.

"ఓ ఫోను పిలగా, పదిహేను అంటరు, ముప్పై అంటరు, తర్వాత నలభై అయిదు గావాలె గద. నలభై అంటరేంది? ఆ అయిదు ఎవడు మింగిండు?"

తెల్వదన్న. పట్నంల పుట్టినోనివి, రోజంత ఫోను పట్టుకొని కూసుంటవు, గా మాత్రం అడిగి తెల్సుకోరాదా అన్నది. నాకు కోపమొచ్చి కిటికి మూసిన. ఆ అయిదు సంగతి ఇప్పటికి సుత నాకు సక్కగ తెల్వదు.

క్లబ్బుల మార్కర్ లతీఫ్ మియా. మార్కర్ అంటే ఆఫీసర్లతోని ఆడి వాళ్లకు ఆట నేర్పేటోడు, బ్యాట్లకు తంతులు కట్టేటోడు, జాగను సాపు చేయిచ్చేటోడు. తెల్ల గడ్డం, ఎర్ర రూమీ టోపీ. రాజేశ్వర్ సాబ్‌కు ఎడమ దిక్కు దెబ్బ నేర్పింది ఈయనే. లడాయి రోజులల్ల కొత్త బంతులు దొరకకపోతే పాత బంతులనే కడిగి, ఎండబెట్టి, బొచ్చు లేపి సాబ్‌ను ఆడిచ్చిండట.

హైద్రాబాద్ల ఏటేట చలికాలం పెద్ద పోటీ జరిగేది. రాజేశ్వర్ సాబ్ సెలవు పెట్టి పోయేది, ఆఖరాట దాక వచ్చేది, ఆఖరాటల ఓడేది. ఒకపారి గెలుపు ముంగట నిలవడి గూడ ఓడిండని చెప్తరు. ఓడినా గెలిచినా ఆట అయిపోంగనే అక్కడి క్లబ్బు నుంచి సిద్దిపేటకు పీపీ కాల్ చేసేది, లతీఫ్ మియా పేరు మీద. లతీఫ్ మియా మా అరుగు మీద కూసుండి ఆగేది. గూట్లకు పోయి ఇని, బయటికొచ్చి తల అడ్డంగ ఊపేది. జనం లేచి ఇండ్లకు పోయేది. ఇది నేను రాకముందు నుంచి ఊర్ల నడుస్తున్న ఆనవాయితి.

ఆ యేడు సాబ్ పోతూ పోతూ ఇదే ఆఖరు అన్నడట. అంతకు ముందు కోహెడల ఒక ఎద్దు తన్ని మోకాలు కదిలింది, ఇంకో ఏడాది ఆగదని ఆయనకే తెల్సింది.

ఆఖరాట నాడు పగటీలికే మా ఎక్స్చేంజి ముంగట జాతర లెక్క జనం. బండ్లు కట్టుకొని వచ్చిన్రు. డప్పులోళ్లు ఒక మూలకు మంట పెట్టి, తోలు బిగిసి గట్టిగ మోగేటట్టు డప్పులు కాపుతున్నరు. తహసీల్దార్ సాబ్ వచ్చి అరుగు ముంగట కుర్సీ ఏయిచ్చుకున్నడు. తాలూకాకు ఆయనే పెద్ద దొర, క్లబ్బుకు సుత ఆయనే సదర్, అంటే అధ్యక్షుడు. అంత పెద్ద ఆఫీసరు ఆ రోజు జేబుల కెళ్లి గడియారం తీసుడు, పెట్టుడు, తీసుడు. నేను ఒక్క ఆట సుత పూర్తిగ చూసినోన్ని గాదు గని నాకు గూడ ఆ ఆత్రం అంటుకుంది. ఇంతమంది ఒక్క మాట కోసం కూసుంటే ఆ మాట ఏందో తెల్సుకోవాలని ఎవనికుండది?

పొద్దు కొంచెం వాలినంక ట్రంకు మూత పడ్డది. అటు అజీజ్ సాబ్ గొంతు. పీపీ కాల్, రాజేశ్వర్ సాబ్ నుంచి లతీఫ్ మియాకు, మనిషి ఉన్నడా అని అడిగిండు. నేను కిటికిలకెళ్లి లతీఫ్ మియా అని కేకేసిన. జనమంత లేచి నిలవడ్డరు, ఎనుకకు తిరిగిన్రు, ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. అరుగు మీద ఆయన కూసునే జాగ ఖాళీగున్నది. నమాజుకు పోయిండని ఒకలనుకున్నరట, తిననీకి పోయిండని ఇంకొకలు. పగటీలి నుంచి ఆయన్ను చూసినోళ్లు ఎవ్వరు లేరు.

మనిషి లేడని అజీజ్ సాబ్‌కు చెప్పిన. పిలిచినాయన్ను అడిగి చెప్త అన్నడు. జర సేపైనంక చెప్పిండు. డాక్టర్ సాబ్ ఇంకో పేరు ఇయ్యనన్నడు, లతీఫ్ మియా దొరికేదాక ఫోను కాడనే కూసుంటనన్నడు. కాల్ రాసుకున్న చీటీ రద్దు చెయ్యకుండ ఉంచుత, మనిషి రాంగనే పిలువుమన్నడు అజీజ్ సాబ్. అంతల ట్రంకు తక్కినోళ్లకు ఇయ్యాలె గద. ఫోను పెట్టే ముంగట అడిగిండు.

"ఏమైందో అడగాలనుందా?"

"ఉంది సాబ్."

"నాక్కూడ ఉంది. అడగకు, నేను గూడ అడగ."

ఆ లైనుకు ఆ కొసన రాజేశ్వర్ సాబ్ ఉన్నడు, ఈ కొసన నేనున్న. నడుమ అజీజ్ సాబ్ ఒక్కడు. ఒక్క మాట అడిగితే తెల్సిపోతది. నేను జనానికి చెప్పదగ్గది మాత్రమే చెప్పిన. కాల్ లతీఫ్ మియాకే, ఇంకెవరికి ఇయ్యొద్దని పిలిచినాయన చెప్పిండు, ఆయన వచ్చేదాక ఆగుతనన్నడు.

ఇగ మొదలైంది. నేను చెప్పిన ఆ మూడు ముక్కలను పట్టుకొని జనం గెలుపోటములు లెక్కగట్టుడు షురూ చేసిన్రు.

"ఓడిండు," అన్నది పోశవ్వ. "గెలిస్తే ఊరంతటికి చెప్పుమనకపోవునా? ఓడిన సంగతి గురువుకు తప్ప ఇంకెవనికి చెప్తరు?"

ఆ మాటకు డప్పులోళ్లు డప్పులు మంట కాడికెళ్లి తీసి పక్కకు పెట్టిన్రు. కోహెడ నుంచి వచ్చిన ఒక ముసలాయన ఒప్పుకోలే. ఓడినోడు గంతసేపు పరాయి క్లబ్బుల ఫోను పట్టుకొని కూసుంటడా, మొకం దాచుకొని దొరికిన బండెక్కడా అన్నడు. డప్పులు మళ్ల మంట కాడికి పోయినయి. ఓడిన యేండ్లల్ల సుత లతీఫ్ మియాకే చేసిండు గద, ఇండ్ల కొత్తేమున్నదని ఎవరో అన్నరు. డప్పులు మళ్ల పక్కకు. నేను కిటికిలకెళ్లి చూస్తూ, ఏ మాటకు ఆ మాట నిజమే అనిపిస్తుంటే, చెవుకు ఫోను పెట్టుకొని కూసున్న.

తహసీల్దార్ సాబ్‌కు ఓపిక అయిపోయింది. లోపలికి వచ్చిండు. కాల్ నాకియ్యి, క్లబ్బుకు సదర్‌ను నేను అన్నడు. పీపీ కాల్ సంగతి చెప్పిన. డాక్టర్ను మళ్ల అడుగుమన్నడు, సదర్ సాబ్ అడుగుతున్నడని చెప్పుమన్నడు. అడిగిచ్చిన. లతీఫ్ మియాకు తప్ప ఎవ్వరికి వద్దనే జవాబు వచ్చింది. అయితే గెలిచిండా ఓడిండా అన్నది ఒక్కటి నువ్వే అడిగి చెప్పుమన్నడు. అది నా పని కాదన్న. ఆయన ఉర్దూల ఏదో అనుకుంట గూటి తలుపు తీసి లోపల ఫోను ఎత్తి చెవుకు పెట్టుకున్నడు, ఇప్పుడు ఇయ్యి అన్నడు.

నేను లేచి నిలవడ్డ. నా గొంతు అరుగు దాటి బండ్ల దాక పోయిందని తర్వాత అన్నరు.

"ఫోను పెట్టి బయటికి పోండ్రి సాబ్. తాలూకాకు మీరు దొర కావొచ్చు, ఈ అర్రకు కాదు."

తహసీల్దార్‌తోని అట్ల మాట్లాడుడు ఆ రోజులల్ల ఎవడు చూసుండడు.  ఆయన ఫోను పెట్టిండు, బయటికి పోయిండు, కుర్సీల కూసుండి, పక్కనున్న తన గుమాస్తా పేష్కార్‌ను పిలిచి ఆడనే, నాకు ఇనపడేటట్టు, నా మీద ఫిర్యాదు రాయిచ్చి సంతకం పెట్టిండు. ఎంటనే హైద్రాబాద్ పంపుమని చెప్పిండు. నా నౌకరీ అయిపోయినట్టే అనుకున్న.  అయినా చెవుకెళ్లి ఫోను తియ్యలే, ఎందుకంటే ట్రంకు మీద ఒక పత్తి యాపారి కాల్ కలపాల్సి ఉండె.

లతీఫ్ మియాను దొరకబట్టింది పోలీసులు గాదు, తహసీల్ జవాన్లు గాదు. నేను బోర్డు ఇడిచి లేవలే గనుక ఇది నాకు తర్వాత నర్సాగౌడ్ చెప్పిండు. అతను తాళ్లెక్కే మనిషి, అంటే తాటిచెట్ల కల్లు గీసేటోడు, ఆ రోజు ఆట ముచ్చట కోసం చెట్లు ఎక్కకుండ మా కాడికొచ్చి కూసున్నడు. పోశవ్వ అతని మీద ఎగిరిందట. మీరు చెట్ల మీదున్నప్పుడు తొవ్వ మీద ఎవరి కోడి పోయినా చెప్తరు, ఎర్ర టోపీ పెట్టుకున్న ముసలాయన కనపడడా అని. అది కల్లు గీసే యాళ్లనే. ఊరి పక్కల తాళ్ల మీద మనుషులున్నరు. నర్సాగౌడ్ ఊరి చివర ఒక తాడెక్కి, అవతలి చెట్టు మీదున్నోన్ని కేకేసి అడిగిండు. వాడు ఇంకవతలోన్ని. మోకు నడుముకు ఏసుకొని, చెయ్యి నోటి కడ్డం పెట్టి, చెట్టు చెట్టుకు మాట పోయింది. జవాబు నంగునూరు తొవ్వ దిక్కుకెళ్లి అదే తీరు తిరిగొచ్చింది. ఎర్ర టోపీ ఒకటి కల్వర్టు మీద కూసున్నదని.

ఒక సైకిల్ పంపి ఎనుక కూసోబెట్టుకొని తెచ్చిన్రు. అప్పటికి ఎండ గోడల మీదికెక్కింది, ఇంకొంచెం సేపైతే ట్రంకు బందు. ట్రంకు మీద ఇంకో పత్తి యాపారి మాట్లాడుతున్నడు. ఇంకొకలు ఆగుతుంటే టైము పెంచొద్దని కాయిదా, ఆయన గడువు అయిపోంగనే చెప్పి లైను తీసిన. అజీజ్ సాబ్‌ను పిలిచి మనిషి వచ్చిండన్న.

లతీఫ్ మియా గూటి తలుపు కాడ నిలవడ్డడు, లోపలికి పోడు. తొవ్వ దుమ్ము గడ్డానికి పట్టి ఉంది. నా దిక్కు వంగి, బయటోళ్లకు ఇనపడకుండ అన్నడు.

"బేటా, నువ్వే ఇని చెప్పు. నేను ఇన్నప్పుడల్ల ఓడిండు."

గప్పుడు నాకు సమజైంది, ఆయన నమాజుకు పోలే, తిననీకి పోలే. తను ఫోను కాడ కూసునుడే సాబ్‌కు అచ్చిరాలేదని నమ్మి, ఈ పారి ఊరిడిచి నడిచిపోయిండు. చేతనైనంత దూరం పోదామని పోయిండు, మోకాళ్లు నొచ్చి కల్వర్టు మీద కూలవడ్డడు.

కాల్ ఎవరి పేరు మీదున్నదో ఆ మనిషే నువ్వు ఇనుమని అడుగుతున్నడు. ఇంత మంచి అవకాశం ఇంకేం కావాలె? ఒప్పుకుంటే తప్పు సుత నాది గాదు అనిపిచ్చింది. ఆ ముసలాయన మొకం చూసిన. ఆయన అడుగుతున్నది కాల్ ఇనుమని గాదు, ఓటమి ఇంకొకల చెవుల పడనియ్యిమని.

"ఆట మీరు ఇన్నప్పుడు జరగది చాచా," అన్న. "కాల్ వచ్చేటప్పటికే బంతి ఆగిపోయుంటది. మీరు కల్వర్టు మీదున్నా, గూట్లున్నా, అక్కడ అయిందేదో అయింది. ఆయన ఇంతసేపు మీ కోసమే కూసున్నడు. పోండ్రి."

లోపలికి పోయిండు. ఫోను ఎత్తిండు. లైను కలిసిందని చూసి నేను నా చెవు తీసేసిన. అద్దంలకెళ్లి ఎర్ర టోపీ, వీపు కనపడ్తున్నయి. హా అన్నట్టు తల రెండు మూడు పార్లు ఊగింది. ఆ ఊపుడుకు అర్థం ఏందో అని బయట జనం మెడలు సాచి చూస్తున్నరు. గడువు అయిపోయింది. ఇంకెవరు ఆగుతలేరు గనుక పెంచిన. అదీ అయిపోయింది, మళ్ల పెంచిన. అంతసేపు ఎక్కువ ఆయనే ఇన్నడు, తక్కువ మాట్లాడిండు. కడకు మూత పడ్డది.

లతీఫ్ మియా బయటికి వచ్చి అరుగు అంచు మీద నిలవడ్డడు. టోపీ సవరిచ్చుకున్నడు. తహసీల్దార్ సాబ్ కుర్సీలకెళ్లి లేచిండు. ముసలాయన ఆయన దిక్కు చూడలే, గోడ కాడ రోజు నిలవడే రైతుల దిక్కు చూసి ఒక్క మాటన్నడు.

"గెలిచిండు."

డప్పులు మంట కాడ లేకపాయె. సల్లటి డప్పులే కొట్టిన్రు. బద్దు బద్దుమని మోగినయి, ఎవరు పట్టించుకోలే. తహసీల్దార్ సాబ్ లతీఫ్ మియాను కౌగిలిచ్చుకొని ఇడువలే, పేష్కార్ పూలదండ తెచ్చి ఎవరికెయ్యాలెనో తెల్వక నా మెడలేసి, మళ్ల సాబ్ దిక్కు చూసి తీసేసిండు. పోశవ్వ కుంకుమ పట్టుకొని లోపలికొచ్చి బోర్డుకు బొట్టు పెడత అన్నది. బోర్డు మీద పొడి పడితే లైన్లు ఖరాబైతయని అడ్డం నిలవడ్డ. గూటికి పెట్టింది, తలుపుకు పెట్టింది, ఆఖరుకు నాకు పెట్టింది. ఇప్పుడన్న నవ్వు పిలగా అన్నది. నర్సాగౌడ్ ఎప్పుడు పోయిండో తాడెక్కిండు. నంగునూరుకు కబురు మా లైను లేకుండనే పోయింది. నంగునూరుల ఫోను సుత లేదు, పొద్దు మునగకముందే ఆడ బెల్లం పంచిన్రని తెల్లారి తెల్సింది.

రాజేశ్వర్ సాబ్ తిరిగొచ్చిననాడు బస్సు కాడికెళ్లి ఎడ్లబండిల ఊరేగిచ్చిన్రు. ఆయన మందిచ్చిన ఎడ్లనే కట్టిన్రు. కప్పు పక్కకు పెట్టి సగం తొవ్వల దిగి ఒక ఎద్దు గిట్టె ఎత్తి చూసిండు, కుంటుతుందని చెప్పి దాన్ని బండి నుంచి ఇప్పిచ్చిండు. ఊరేగింపు ఇంకో ఎద్దు వచ్చేదాక ఆగింది.

ఫిర్యాదు సంగతి నేను మర్చిపోలే. తహసీల్దార్ సాబ్ మాత్రం గెలిచిన సంబరంల దాన్ని ఆపుడు మర్చిపోయిండు. అది పోవాల్సిన తొవ్వల పోయి, ఇన్స్పెక్టర్ సాబ్ ఇచారణకు వచ్చిండు. తహసీల్దార్ కచేరిల కూసుండి తహసీల్దార్‌ను అడిగితే, ఆయన ఇప్పుడు నాకేం గుస్సా లేదు అన్నడట, కాని పిలగాడు అరిసిండా అంటే అరిసిండన్నడట. రెండూ నిజమే. తర్వాత ఇన్స్పెక్టర్ సాబ్ నా బోర్డు కాడికి వచ్చి నిలవడ్డడు. ఆ కాల్ల ఏం మాట్లాడుకున్నరని అడిగిండు.

తెల్వదన్న. రెండు పార్లు గడువు పెంచినవు, ఒక్కపారన్న చెవుల పడలేదా అన్నడు. పడలేదన్న.

"తెల్సుకోవాలని లేకుండెనా?"

"ఉండె సాబ్. ఇప్పటికీ ఉంది."

 బోర్డు తీగెలు ఒక్కొక్కటే లాగి చూసి పోయిండు. కొన్ని రోజులకు రెండు ఆర్డర్లు ఒక్కపారే వచ్చినయి. ఆఫీసరు మీద గొంతు లేపినందుకు ఒక హెచ్చరిక. ఫలానా మనిషి కాల్ ఇంకొకలకు ఇయ్యకుండ ఆపినందుకు పక్కా నౌకరీ. రెండిటి మీద ఒకే సంతకం. ఆ రెండూ ఒక్క మనిషి మీద రాసినవేనా అని నాకే అనుమానం వచ్చింది.

లతీఫ్ మియాను ఊరంత అడిగిన్రు, ఫోన్ల సాబ్ ఏం చెప్పిండని. గెలిచిండని చెప్పిండు అనేటోడు. గంతసేపు అదే చెప్పిండా అంటే, నవ్వి బ్యాటుకు తంతి బిగిచ్చుకునేటోడు.

నేను ఆ తర్వాత చాన ఊర్లల్ల పనిచేసిన, బోర్డులు పోయి యంత్రాలు వచ్చేదాక ఉన్న, కొత్త ఆపరేటర్లకు పని నేర్పిన. వాళ్లకు ఈ సంగతి చెప్పేది. లైన్ మీద ఏముందో తెల్సుకోవాలని మనసుకు ఉంటది, ఉండనియ్యున్రి, దాని మీద హెచ్చరిక ఎవరు రాయరు. పిలిచినాయన ఎవరి పేరు చెప్తడో వాని చెవులనే మాట ముందు పడాలె, బయట ఊరంత నిలవడ్డా సరే. అది చూసుకొనుడే మన కొలువు. రెండోది, ఆ రోజు నేను మెల్లగ చెప్పినా తహసీల్దార్ సాబ్ ఫోను పెట్టి బయటికే పోతుండె, ఎందుకంటే ఆయనకు కాల్ ఇయ్యనిది కాయిదా, నేను గాదు. నా గొంతుతోని దానికి పనే లేకుండె.